కోడిపుంజు గుర్తు

విన్స్ వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేసరికి, పొద్దున ఐలీన్ మడిచి ఇచ్చిన గోనెసంచి మడత విప్పకుండానే అతని చంకలో ఉంది.

రేషను పిండి వస్తుంది కదా అని ఐలీన్ పొయ్యి రాజేసి, బేసిను కడిగి సిద్ధంగా పెట్టుకుంది. సంచి వంక చూసింది. మొగుడి మొహం వంక చూసింది. వెళ్ళి పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగి నీళ్ళు చిలకరించింది. వండేది లేనప్పుడు కట్టె కాలినా దండగే.

"ఆపేశారు," అన్నాడు విన్స్.

పక్కగదిలో ఎడతెగకుండా దగ్గుతున్న ముసలావిడ ఠక్కున దగ్గు ఆపింది. ఆవిడ విన్స్ తల్లి. ఆవిడకి చెవుడని వీధంతా అనుకుంటుంది గానీ, ఇంట్లో ఎవరైనా గొంతు తగ్గించారంటే ఆవిడకి గోడలోంచి కూడా వినిపిస్తుంది.

"ఈ వారానికా?" అని అడిగింది ఐలీన్.

"మొత్తానికే."

రైల్వే వర్క్‌షాపు మూతపడినప్పటి నుంచీ విన్స్ నోట్లోంచి మాట రాబట్టడమంటే చెక్కలోంచి తుప్పు పట్టిన మేకు పీకినట్టే. కాస్త కాస్తగా కదిలించాలి. గట్టిగా లాగితే తల విరిగి మిగతాది లోపలే ఉండిపోతుంది. ఐలీన్ అతనికి కుర్చీ జరిపింది. పొద్దున వాడి ఆరబెట్టిన టీ ఆకుల మీదే మళ్ళీ వేడినీళ్ళు పోసి కప్పు చేతికిచ్చింది. అప్పుడు చెప్పుకొచ్చాడు.

మంగళవారం ఇల్లు తనిఖీ చెయ్యడానికి వచ్చిన రేషను అధికారి లడ్‌బ్రూక్ ఇక్కడ చూసినదేదీ మర్చిపోలేదట. రేషను పంచే హాలు ముందు వరసలో విన్స్ వంతు రాగానే అందరూ వినేలా ఒక్కొక్కటే ఏకరువు పెట్టాడట. కిటికీలకి అంచు కుట్టిన తెరలు. మంచం మీద జాలీ అల్లిక వేసిన తెల్లటి పైదుప్పటి. కూతురికి ముఖమల్ కాలరున్న కోటు. రేషను తిండి తినే కొంప ఇలా ఉండదన్నాడట. మొగుడు దొంగచాటుగా ఎక్కడో పనిచేస్తూ ఉండాలి, లేదా పెళ్ళాం దొంగచాటుగా కుట్టి సంపాదిస్తూ ఉండాలి. రెండిట్లో ఏదైనా రేషను చెల్లదు.

"అన్నీ పిండి సంచులేనని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. నవ్వాడు. పిండి సంచైతే మిల్లు గుర్తేదీ అన్నాడు."

ఐలీన్ చేతిలోని గరిటె బల్ల మీద పెట్టింది.

విన్స్ ఇంకా ఏదో మింగుతున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. అడగకుండా నిలబడింది. అతను కప్పులోకి చూస్తూ అన్నాడు.

"నీ పెళ్ళాం బాగానే సంపాదిస్తున్నట్టుంది టియర్నీ, ఎలా సంపాదిస్తోందో అడక్కపోవడమే నీకు మంచిదిలే అన్నాడు."

"నువ్వేం చేశావు?"

"కాలరు పట్టుకున్నాను."

అదీ సంగతి. ఇక విన్స్‌ని హాలు గడప తొక్కనివ్వరు. రేపు పొద్దున రేషను కమిటీ కూచుంటుంది. ఆ బట్టలు కొన్నవి కాదని ఇల్లాలే వచ్చి రుజువు చేస్తే వింటారట. లేకపోతే టియర్నీల పేరు కొట్టేస్తారు.

"అంతా ఆ కోటుతోనే వచ్చింది," అన్నాడు విన్స్. "వీధిలో పిల్లలందరూ ఎలా తిరుగుతున్నారో మన పిల్ల కూడా అలాగే తిరిగితే ఏం పోయేది?"

"వీపు మీద కోడిపుంజుతోనా?"

"అవును. కోడిపుంజుతోనే. కడుపులో ఇంత రొట్టెముక్క పడేది."

ఐలీన్ పెరటి తలుపు వైపు చూసింది. జవాబు చెప్పాలంటే గొంతు పెంచాల్సి వస్తుంది. పిల్లలు పెరట్లోనే ఉన్నారు.

ఊళ్ళోకి వచ్చే రేషను పిండంతా ఒకే మిల్లుది. సంచి నడిమధ్య అరచేయంత ఎర్ర కోడిపుంజు ఉంటుంది. తాముండే లైను వీధిలో ఆ సంచులతో కుట్టిన చొక్కా తొడుక్కోని పిల్ల లేదు, లాగు వేసుకోని పిల్లవాడు లేడు. తల్లులు గుర్తును లోపలివైపుకి తిప్పి కుట్టేవారు. అయినా వానలో తడిస్తే చాలు, వీపు మీద కోడిపుంజు బయటపడేది. కొండ మీద ఇళ్ళ పిల్లలు బళ్ళో వాళ్ళని చూసి కొక్కొరొకో అని కూసేవారు. కిందటేడు ఒకరోజు కూతురు మావిస్ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసి మంచం కింద దూరింది. బయటికి రమ్మంటే రాదు. ఏమైందంటే చెప్పదు. ఆ సాయంత్రమే ఐలీన్ ఇంట్లో ఉన్న సంచులన్నీ పోగేసింది.

గుర్తు మీద కొవ్వు రుద్ది ఒక పూట నానబెట్టేది. కిరసనాయిలు, ఇంట్లో కాచిన సబ్బు ముక్కలు వేసి రాగి కాగులో ఉడకబెట్టేది. బండ మీద రుద్దేది. మంచు పడే గడ్డి మీద పరిచి, పొద్దున్నే తీసి మళ్ళీ కాగులో వేసేది. ఎరుపు కాస్తా గులాబీ రంగులోకి దిగేది, గులాబీ రంగు నీడలా మారేది, ఆ నీడ కూడా పోయేదాకా వదిలేది కాదు. మిగతావాళ్ళు గుర్తును తిప్పి కుట్టి ఊరుకున్నారు. ఐలీన్ మాత్రం లోపలా బయటా ఆనవాలు లేకుండా చేసింది. తన ఇంట్లో గుడ్డ చూసి, ఇది సంచి అని ఎవరూ అనకూడదు.

అనలేదు కూడా. లడ్‌బ్రూక్ కూడా అనలేదు.

రుజువుకి ఒక్క గుర్తైనా మిగిలిందేమోనని మొగుడూ పెళ్ళాం కలిసి ఇల్లంతా వెతికారు. తెరలు తీసి కిటికీ వెలుగులో పట్టి చూశారు. పైదుప్పటి అంచులు తిరగేశారు. కొడుకు టెడ్డీ లాగుల కుట్లు, దిండ్ల గలీబులు, చేతిగుడ్డలు, ఏప్రన్లు అన్నీ చూశారు. నడుమ చిరిగితే రెండుగా కోసి, అరగని అంచుల్ని నడిమికి తెచ్చి కుట్టిన పక్కగుడ్డలూ చూశారు. ఏ మూలా ఎర్రటి దారప్పోగంత గుర్తు కూడా దొరకలేదు. మావిస్ కోటు విన్స్ పాత రైల్వే కోటే. విప్పి, వెలిసిపోయిన వైపు లోపలికి పోయేలా తిరగేసి కుట్టింది. కాలరు ముఖమల్ తన పెళ్ళినాటి టోపీలోది. తిరగేసిన గుడ్డ కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

ముసలావిడ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా లోలంగా కూడా విప్పి చూడండి," అంది. "అక్కడైనా ఆ పుంజుని బతకనిచ్చావేమో అనుకున్నాను. దాన్నీ ఉడకేసి చంపావు కదే. నా లోలంగా ఎవరు చూడొచ్చారే తల్లీ, బిషప్పా?"

ఐలీన్‌కి నవ్వు రాబోయి, సగంలో ఏడుపుగా మారింది. పక్కగుడ్డలో మొహం దాచుకుంది. విన్స్ ఆమె దగ్గరకి రాలేదు. అలాగని దూరంగానూ పోలేదు. తీసిన తెరను ఎలా మడవాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ముసలావిడే అంది, "బొంతలో చూశావా?"

ఇంట్లో ఒకే బొంత ఉంది. దాని కిందే ముసలావిడా, ఆవిడకి చెరోపక్కా పిల్లలూ పడుకుంటారు. పైన అంతా దర్జీ కొట్లలో ఇచ్చే నమూనా గుడ్డ ముక్కలు, అరిగిన కోట్లలో అరగని భాగాలు. లోపల పొరలు పొరలుగా చిరిగిన పిండి సంచులు, వాటి మధ్య దువ్విన ఉన్ని చెత్త, మేజోళ్ళ ముక్కలు. లోపలివి ఎవరి కంటా పడవు కదా అని వాటిని మాత్రం ఐలీన్ ఉడకబెట్టలేదు.

బొంతను వెలుగులోకి తెచ్చి, మూలన ఉన్న కుట్టుని పిన్నుతో జాగ్రత్తగా లేపి, వచ్చిన దారాన్ని రీలుకి చుడుతూ విప్పింది. చేయి పట్టేంత సందు చేసి లోపలి పొరను వేళ్ళతో బయటికి లాగింది. ముందు పుంజు తోక కనిపించింది, తరవాత తురాయి.

ఐలీన్ దాన్ని చూస్తూ నేల మీదే కూచుండిపోయింది. ఏడాది పాటు చేతులు పగిలేలా వదిలించుకున్న గుర్తు. ఇప్పుడు దాన్ని చూస్తే పోయిన మనిషి తిరిగి వచ్చినంత పనైంది.

సాయంత్రం వెలుగుండగానే పక్కింటి ఎథెల్ పాస్కో కంచె దాటి వచ్చింది. ఒక చంకలో చంటిపిల్ల, ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన సగం రొట్టె. చంటిదానికి జలుబు వారం రోజులుగా తగ్గడం లేదు. పడుకున్నా, లేచినా పిల్లి గురకలాంటి చప్పుడు వస్తూనే ఉంది.

రొట్టె బల్ల మీద పెట్టి, మీ రేషను ఆపేశారని వీధిలో చెప్పుకుంటున్నారని, తీసుకోమని అంది. అది వాళ్ళకే చాలదని ఐలీన్‌కి తెలుసు. వద్దంది. ఎథెల్ తీసుకోమంది. కాసేపు రొట్టె ఇద్దరి మధ్యా అటూ ఇటూ జరిగింది. చివరికి ముసలావిడ విసుక్కుని, మీ మర్యాదలు తేలేలోపు రొట్టె ఎండిపోతుందని, తీసి అలమరలో పెట్టేసింది.

ఎథెల్ వెళ్ళలేదు. పిల్లని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది.

"నీకు ఒకటి చెప్పాలి ఐలీన్. వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలి."

దుప్పటి కోసం తను హాలుకి వెళ్ళిందట. పిల్ల వణుకుతోంది, ఒక్కటివ్వండి అని లడ్‌బ్రూక్‌ని అడిగిందట. రేషను తినే ఇళ్ళకి పిండే ఎక్కువ, దుప్పట్లూ కోట్లూ ఎక్కడివన్నాడట. అప్పుడు తన నోరు ఊరుకోలేదు. రేషను తినే ఇంట్లోనే ముఖమల్ కాలరు కోటు వేసుకున్న పిల్ల ఉంది కదా, మరి వాళ్ళకెలా వచ్చింది, మాకెందుకు రాదు అని అడిగిందట. ఆ మాట పట్టుకునే అతను తనిఖీకి వచ్చాడు.

"వాళ్ళకి ఇచ్చారు, మాకు ఇవ్వలేదనుకున్నాను. దేవుడి తోడు, నువ్వు కుట్టావనుకోలేదు. అది చూస్తే కుట్టిందనిపించదు."

ఐలీన్ తిడుతుందేమోనని ఎథెల్ చూసింది. తిడితే బాగుండేది.

"అడగాల్సింది నన్ను కదా," అంది ఐలీన్ చివరికి. "మధ్యన ఉన్నది కంచె ఒక్కటే."

"నిన్నడిగితే ఏం చెప్తావు? మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా కిటికీల వంక చూసేదానివి. తెరలు లేవని. పైకి ఏమీ అనేదానివి కాదు, అంతే."

అది నిజమే. నిజం కాబట్టే ఐలీన్‌కి కోపం వచ్చింది. నా పిల్లల నోటి దగ్గర కూడు తీసి ఇప్పుడు సగం రొట్టెతో వచ్చావా అంది. అంటూనే తప్పు మాట అన్నానని తెలుసుకుంది. ఎథెల్ తలదించుకుని వింది. రేపు కమిటీ అయ్యాక చంటిపిల్లలున్న ఇళ్ళకి దుప్పట్లు పంచుతారట, తనూ అక్కడే ఉంటాను, ఎవరైనా అడిగితే తెలియక అన్న మాటేనని చెప్తాను అంది. గుమ్మం దాటుతూ పిల్ల తలను తన శాలువాలోకి దాచుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి సగం రొట్టెనీ పిల్లలకి ముక్కలు చేసి కొవ్వు రాసి పెట్టారు. పెద్దవాళ్ళు టీ తాగారు. ఆ ఆకుల్ని నాలుగోసారి మరిగిస్తే మమ్మల్ని వదిలెయ్యమని అవే బతిమాలతాయని ముసలావిడ అంటే, ఎవరూ నవ్వలేదు.

తెల్లవారి హాల్లో వెనక బెంచీల నిండా లైను వీధి ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. ఒళ్ళో పిల్లలు. ఎదురుగా బల్ల వెనక కమిటీ. వాళ్ళ వెనక వేదిక మీద బూడిదరంగు దుప్పట్లు తాళ్ళు కట్టిన కట్టలుగా పేర్చి ఉన్నాయి. ఆ దుప్పట్ల వైపు చూడకుండా ఉండటం ఎవరికీ చేతకావడం లేదు. నోటి ఆవిరి కనిపించేంత చలిగా ఉంది.

కమిటీ పెద్ద క్రాన్‌మర్ దాణా వ్యాపారి. చెడ్డవాడని పేరేమీ లేదు. లెక్క కుదరాలి, అంతే. అతని పక్కన బట్టల కొట్టు యజమాని భార్య బొచ్చు కోటులో ముడుచుకుని కూచుంది. లడ్‌బ్రూక్ నిలబడే ఉన్నాడు.

ఐలీన్ తెచ్చినవన్నీ బల్ల మీద పరిచింది. పైదుప్పటి, తెరలు, కోటు. ప్రతిదానికీ ఏది దేంట్లోంచి వచ్చిందో చెప్పింది. బట్టల కొట్టావిడ కోటు చేతిలోకి తీసుకుని కుట్టు మీద వేలు రాసింది. తమ కొట్లో ఇలాంటి పని చేసే మనిషే దొరకడం లేదని మెచ్చుకుంది. ఆ మెప్పు ఎటు దారి తీస్తుందోనని ఐలీన్‌కి భయమేసింది. అదేం మాట, ఏముందండీ అందులో, అంది.

తరవాత బొంత మూల విప్పి కోడిపుంజుని చూపించింది.

"మూలలో ఒక ముక్క పెట్టి కుట్టడం ఎంతసేపు పని," అన్నాడు లడ్‌బ్రూక్. "లోపలంతా ఇదేనని నమ్మకమేమిటి?"

"కావాలంటే విప్పుతాను. కాస్త టైమివ్వండి, దారం తెగకుండా విప్పాలి."

లడ్‌బ్రూక్ జేబులోంచి పెన్నుకత్తి తీశాడు. బొంతను బల్ల మీద తనవైపుకి లాక్కుని, పైనుంచి కింది దాకా ఒక్క గీటున చీల్చాడు. ఉన్ని చెత్త బల్ల మీదా నేల మీదా రాలింది. పొర తరవాత పొర లాగాడు. పుంజు తరవాత పుంజు. చీలికలో చేయి పెట్టి ఆ చివరి దాకా తడిమి, బయటికి తీసి తుడుచుకున్నాడు.

"సంచులే," అన్నాడు క్రాన్‌మర్‌తో. క్షమించమనలేదు. అలా అనాలని అక్కడెవరికీ తోచలేదు.

ఐలీన్ రెండు చేతులతో చీలిక అంచుల్ని దగ్గరికి పట్టుకుంది. పోనీ. రేషను వస్తుంది. బొంత మళ్ళీ కుట్టుకోవచ్చు.

"మీరు కొనలేదని ఒప్పుకుంటున్నాను మిసెస్ టియర్నీ," అన్నాడు క్రాన్‌మర్. "ఇక ఒక్క సంగతి తేలాలి. ఇది ఇల్లాళ్ళు ఎవరికి వాళ్ళు చేసుకునే పనా, లేక కుట్టుపని వృత్తిగా నేర్చినవాళ్ళు చేసే పనా?"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అతను ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. చేతిలో వృత్తి ఉండి, ఇంట్లో కుట్టుమిషనుండి రేషను తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవు. అలా కాదు, మామూలు ఇంటిపనే అంటే ఈ క్షణమే పేరు ఎక్కించడానికి తనకు ఏ అభ్యంతరమూ లేదు.

"ఈ ఊళ్ళో ఇప్పుడు డబ్బిచ్చి కుట్టించుకునేవాళ్ళు ఎవరున్నారండీ?"

"నేనడిగింది అది కాదు."

బట్టల కొట్టావిడ కోటు ఇంకా చేతిలోంచి వదల్లేదు. మంచి మనసుతోనే అంది. "సంచులు అందరికీ వస్తున్నాయి కదా. ఈవిడ చేసుకోగలిగినప్పుడు తక్కినవాళ్ళు ఎందుకు చేసుకోరు? పాపం, నేర్పేవాళ్ళు లేకే అయ్యుంటుంది."

క్రాన్‌మర్ మెల్లగా తల తిప్పి వెనకున్న దుప్పట్ల కట్టల వైపు చూశాడు.

ఇది ఇంటిపనేనంటే ఆ దుప్పట్లు లైను వీధికి రావని అప్పుడు ఐలీన్‌కి అర్థమైంది. వెనక బెంచీల మీద వాళ్ళకి ఇంకా కాలేదు. ఒక పిల్ల ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు.

వృత్తి పనే. ఐలీన్‌కి తెలియనిదేమీ కాదు. చిన్నప్పుడు సిడ్నీలో పిన్ని దగ్గర, ఆవిడ పనిచేసే దర్జీ కొట్లో, నేల మీద పిన్నులు ఏరడం దగ్గర్నుంచి మొదలుపెట్టి నేర్చుకున్నది. పెళ్ళికి పిన్ని ఇచ్చిన మిషనే ఈ మిషను. ఎథెల్‌కి మిషను లేదు. ఊళ్ళో బట్టలుతికి ఉతికి చలికి పగిలిన ఆ వేళ్ళలో సూది నిలవదు. చంటిది చంక దిగదు. ఏ ఇల్లాలైనా చెయ్యగలదనడం అబద్ధం.

అలాగని నిజం చెప్తే, ఇంటికి ఖాళీ సంచే.

వెనక్కి తిరగకూడదనుకుంటూనే తిరిగింది. ఎథెల్ రెండో బెంచీలో కూచుని ఉంది. ఆమెకి కూడా అర్థమైంది. మొహంలో బతిమాలుకోవడమూ లేదు, కోపమూ లేదు. పిల్ల వీపు మీద ఆగకుండా చేయి రాస్తోంది. కిటికీ అద్దం అవతల విన్స్ టోపీ కనిపించింది. అతను లోపలికి రాకూడదు కాబట్టి గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు.

"మిసెస్ టియర్నీ," అన్నాడు క్రాన్‌మర్.

పొద్దున బయల్దేరేటప్పుడు టెడ్డీ ఏమీ అడగలేదు. అలమర తలుపు తెరిచి చూసి, చప్పుడు కాకుండా మూసేశాడు. వాడికి అప్పుడే అంత తెలివి వచ్చేసింది.

"ఇంటిపనేనండి," అంది ఐలీన్.

"అంటే ఏ ఇల్లాలైనా చేసుకోగలదంటారు."

ఆమె చూపు బొంత చీలిక మీదే ఉంది.

"చేసుకోగలదండి."

ఆమె పేరు మళ్ళీ ఎక్కింది. లడ్‌బ్రూక్ చీటీ రాసిచ్చాడు. పక్కగదిలో గుమాస్తా గోనెసంచి నిండా పిండి, టీ, పంచదార, ఒక డబ్బా పాకం వేసి మూతి కట్టాడు. అదంతా అయ్యేలోపే బల్ల దగ్గర మాటలు సాగిపోతున్నాయి. లైను వీధికి దుప్పట్లు అవసరం లేదని, అవి నది అవతల గుడారాల్లో ఉన్నవాళ్ళకి పంపితే మేలని క్రాన్‌మర్ అన్నాడు. బొంతలు కుట్టుకోవడానికి సూదులు తను ఉచితంగా ఇస్తానని బట్టల కొట్టావిడ అంది. అందరికీ నచ్చింది. కమిటీలో వాళ్ళెవరికీ తాము ఎవరికైనా అన్యాయం చేస్తున్నామనిపించలేదు.

వెనక బెంచీల్లో ముందు ఒకావిడ లేచింది. తరవాత అందరూ లేచారు. ఎవరూ అరవలేదు. పిల్లల్ని ఎత్తుకుని బయటికి నడిచారు. ఐలీన్ సంచి మోస్తూ వస్తుంటే దారి కూడా ఇచ్చారు. కావలసినదానికంటే ఎక్కువే ఇచ్చారు. ఆమె చుట్టూ ఖాళీగా ఉండిపోయింది.

గుమ్మం దగ్గర లడ్‌బ్రూక్ వెనక నుంచి పిలిచాడు. బుధవారం మధ్యాహ్నం మిషను హాలుకి తెచ్చెయ్యాలట. వీధిలో ఆడవాళ్ళందరికీ బొంత కుట్టడం ఆమే చూపించాలి. రాని ఇంటికి ఆ వారం రేషను ఉండదు. నేర్పడానికి ఆమే రాకపోతే ఆమెకీ అంతే.

గేటు బయట విన్స్ ఉన్నాడు. సంచి ఆమె భుజం మీద నుంచి తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు ఆమె చేయి తగలకుండా చూసుకున్నాడు. ఆమె కోసం ఆగలేదు. రోడ్డు దాటి, అవతలి పక్క నుంచి ఇంటివైపు నడవడం మొదలుపెట్టాడు.

ఐలీన్ చేతిలో బొంత ఒక్కటే మిగిలింది. ఎంత దగ్గరికి నొక్కి పట్టుకున్నా చీలికలోంచి ఉన్ని పోగులు గాలికి ఎగిరిపోతున్నాయి.

హాలు కంచె పక్కన ఎథెల్ నిలబడి ఉంది. అందరితో కలిసి వెళ్ళలేదు. ఐలీన్ ఆగింది. తిట్టినా సరే, ఉమ్మేసినా సరే అనుకుంది.

"బుధవారం వస్తాను," అంది ఎథెల్. "రాకపోతే ఎలాగూ కుదరదు కదా."

"ఎథెల్, నేను..."

"పిల్లలకి వండి పెట్టు, వెళ్ళు. నీ స్థానంలో నేనున్నా అదే అనేదాన్నేమో. నాకు తెలీదు." చంటిది దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. "ఒక్కటి మాత్రం చెప్పు. అందరికీ కాదు, నాకు. నిజం చెప్పు. ఆ బొంత కుట్టడానికి నీకెంత కాలం పట్టింది?"

ఐలీన్ బొంత వంక చూసింది.

"కిందటి చలికాలంలో మొదలుపెట్టాను," అంది. "ఈ చలికాలానికి అయింది."

ఎథెల్ సరేనన్నట్టు తలూపింది. పిల్ల మొహం మీదికి శాలువా లాగి, లోపలికి గాలి పోకుండా అంచులన్నీ ఒక్కొక్కటే దోపుకుని, వీధివైపు నడిచింది.